న్యూ బ్రాన్‌ఫెల్స్: పండగ మిగిలింది, భాష?

టెక్సాస్‌లో ఆస్టిన్ నుంచి శాన్ ఆంటోనియోకి వెళ్ళే దారిలో న్యూ బ్రాన్‌ఫెల్స్ అనే ఊరుంది. ఏటా నవంబరు మొదట్లో పది రోజులపాటు అక్కడ వుర్స్ట్‌ఫెస్ట్ జరుగుతుంది. వుర్స్ట్ అంటే జర్మన్‌లో సాసేజి. 1810లో బవేరియా యువరాజు లుడ్విగ్ పెళ్ళి వేడుకగా మ్యూనిక్‌లో మొదలైన ఆక్టోబర్‌ఫెస్ట్‌కి ఇది దూరపు చుట్టం. బీరు, సాసేజీలు, అకార్డియన్ మోత, పోల్కా నాట్యం, తోలు నిక్కర్లు వేసుకున్న తాతలు – అన్నీ ఉంటాయి. మాంసం ముట్టని మనవాళ్ళకి బంగాళాదుంప అట్లూ, ప్రెట్జెల్సూ ఉండనే ఉన్నాయి. పండగ పక్కనే లాండా పార్కు, అందులో రెండున్నర మైళ్ళు మాత్రమే పారే కొమాల్ నది. కాస్త దూరంలో 1878 నాటి గ్రూన్ హాలు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని లెవెన్‌వర్త్ 1960లలో పర్యాటకుల కోసం బవేరియా వేషం కట్టింది. న్యూ బ్రాన్‌ఫెల్స్ సంగతి వేరు. జర్మనీ జమీందార్ల సంఘం ఒకటి వలసదార్లని టెక్సాస్‌కి పంపింది. ఆ సంఘం తరఫున వచ్చిన కార్ల్ ఆఫ్ సోల్మ్స్ రాకుమారుడు 1,111 డాలర్లకి 1,265 ఎకరాలు కొన్నాడు. 1845 మార్చి 21, గుడ్ ఫ్రైడే నాడు ఊరు వెలిసింది. మరుసటి ఏడు మెక్సికో యుద్ధం వచ్చి బళ్ళన్నీ సైన్యానికి పోయాయి. సముద్రతీరంలో చిక్కుబడ్డ తర్వాతి వలసదార్లు జబ్బులతో వందల సంఖ్యలో చనిపోయారు. తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని ఎర్వెండ్‌బెర్గ్ అనే పాస్టరు చేరదీశాడు.

ఇన్ని కష్టాల మధ్య 1852లోనే వాళ్ళు పత్రిక పెట్టుకున్నారు! ‘న్యూ బ్రాన్‌ఫెల్సర్ జైటుంగ్’కి తొలి సంపాదకుడు లిండ్‌హైమర్. టెక్సాస్ మొక్కల్ని సేకరించి శాస్త్రజ్ఞులకి పంపిన వృక్షశాస్త్రవేత్త కూడా ఆయనే. బళ్ళో, చర్చిలో, అంగట్లో జర్మన్ వినపడేది. కొత్త దేశంలో కనిపించిన స్కంక్‌కి ‘కంపు పిల్లి’ అనే అర్థంలో ‘స్టింక్‌కాట్జె’ అని తమ భాషలోనే పేరు పెట్టుకున్నారు. భాష బతికుందనడానికి అంతకన్నా ఏం గుర్తు కావాలి?

మొదటి ప్రపంచ యుద్ధంతో గాలి మారింది. జర్మన్ మాట్లాడితే అనుమానంగా చూసే రోజులొచ్చాయి. 1918లో టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలల్లో చదువు ఇంగ్లీషులోనే చెప్పాలని చట్టం చేశారు. విదేశీ భాషలు నేర్పకూడదన్న నెబ్రాస్కా చట్టాన్ని 1923లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ, కోర్టు తీర్పులు ఇళ్ళల్లో భయాన్ని పోగొట్టలేవు. రెండో యుద్ధం తర్వాత చాలామంది తల్లిదండ్రులు పిల్లలతో జర్మన్ మానేశారు. 1957తో పత్రిక జర్మన్‌లో రావడం ఆగిపోయింది. పేరులో మాత్రం ‘జైటుంగ్’ మిగిలింది.

వుర్స్ట్‌ఫెస్ట్ మొదలైంది 1961లో. అంటే జర్మన్ పత్రిక పోయిన నాలుగేళ్ళకి! భాష ఇంటి నుంచి వెళ్ళిపోతున్న రోజుల్లోనే పండగ వీధిలోకి వచ్చింది. 2001లో ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో హాన్స్ బోయాస్ అనే ఆచార్యుడు టెక్సాస్ జర్మన్ మాటల్ని రికార్డు చెయ్యడం మొదలుపెట్టారు. ఇప్పుడా మాండలికం మాట్లాడేవాళ్ళు దాదాపు అందరూ ముసలివాళ్ళే.

మనకి ఇందులో హెచ్చరిక ఉంది. మనని ఎవరూ చట్టం చేసి ఆపలేదు. విమానాలున్నాయి, ఫోన్లున్నాయి, 2007 నుంచి ‘మనబడి’ ఉంది. ఉగాదికి హాళ్ళు నిండుతున్నాయి, పులిహోరకి వరసలు కడుతున్నాం. పులిహోరకి వచ్చిన ప్రమాదమేమీ లేదు. సాసేజి లాగే అదీ బతుకుతుంది. కానీ వాళ్ళ పత్రిక నూరేళ్ళు దాటి నడిచిందంటే, దాన్ని చదివే పిల్లలు మూడు నాలుగు తరాలు పుట్టారన్నమాట. మన పత్రికల్ని మన మనవలు చదువుతారా అన్నది, వాళ్ళమ్మానాన్నలతో ఈ రాత్రి భోజనాల దగ్గర మనం ఏ భాషలో మాట్లాడతామన్న దాన్నిబట్టే ఉంటుంది.