బడి వెనక ప్రెయిరీ

సెప్టెంబరు మొదటి వారం, ఉదయం పది. షికాగో పడమటి శివార్లలో ఒక బడి. వెనకవైపు కంచె తలుపు తోసి రెండడుగులు వేయగానే గడ్డి మీ తలను దాటేస్తుంది. ముందు వెళ్తున్న నాలుగో తరగతి పిల్లలు కనబడరు, వాళ్ల మాటలే వినబడుతుంటాయి. ఈ గడ్డి బిగ్ బ్లూస్టెమ్. ఎనిమిది అడుగుల దాకా పెరుగుతుంది. కంకిని వంచి చూడండి, కొస మూడు పాయలుగా చీలి టర్కీ కోడి పాదంలా ఉంటుంది.

దారి మలుపులో కంపాస్ మొక్క. ఒక పిల్లాడు దిక్సూచి పట్టుకుని దాని ఆకుల్ని పరీక్షిస్తున్నాడు. చాలా ఆకుల అంచులు ఉత్తర దక్షిణాలకే తిరిగి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ తమ మీద తిన్నగా పడకుండా అవి అలా నిలబడతాయి. వేరు పదిహేను అడుగుల దాకా దిగుతుందని టీచరు చెప్పగానే పిల్లలంతా తమ కాళ్ల కిందకి చూసుకున్నారు. చూడాల్సింది అక్కడే. వేల ఏళ్లుగా ఇలాంటి వేర్లు చచ్చి, కుళ్లి, నేలను నల్లగా, సారవంతంగా మార్చాయి. ఆ సారమే ప్రెయిరీ అనే ఈ గడ్డిమైదానం ప్రాణం మీదకు తెచ్చింది. 1837లో జాన్ డీర్ ఇదే ఇల్లినాయ్ రాష్ట్రంలో, జిగట మన్ను అంటుకోని ఉక్కు నాగలి చేశాడు. దాంతో రాష్ట్రంలోని 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీలో చాలా భాగం మొక్కజొన్న, సోయా చేలయిపోయింది. చెడకుండా మిగిలింది పదివేల ఎకరాలకు ఒక ఎకరం లెక్కన. అందుకే బడి వెనక ఈ చిన్న ముక్క నాకు ఏ సైన్సు ల్యాబు కన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

"అమ్మమ్మా, పాలు!"

పిల్లలకు తోడుగా వచ్చిన అమ్మమ్మకు మనవరాలు తుంచిన మిల్క్‌వీడ్ ఆకు చూపిస్తోంది. ఆవిడ వెంటనే, "కంట్లో పడనీకమ్మా, ఇది మన జిల్లేడు జాతిదే" అంది. నిజమే, రెండూ ఒకే కుటుంబం. పక్క ఆకు తిప్పితే పసుపు, నలుపు, తెలుపు చారల గొంగళిపురుగు, మోనార్క్ సీతాకోకచిలుకది. ఈ ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి చాలా పిట్టలు దాని జోలికి రావు. మన జిల్లేడు మీద పెరిగే సీతాకోకచిలుకల్లో దీని దగ్గరి చుట్టం కూడా ఉంది. మోనార్కుల్లో ఏడాదికి ఆఖరుదైన ఈ తరం మాత్రం రెక్కలొచ్చాక, తానెన్నడూ చూడని మెక్సికో కొండలకు సుమారు మూడువేల కిలోమీటర్లు ఎగిరిపోతుంది.

ఎండిన పూల నుంచి పిల్లలు విత్తనాలు దులిపి కాగితం సంచుల్లో వేస్తున్నారు. చలి తగలందే వీటిలో చాలావరకు మొలకెత్తవు, అందుకని తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెడతారు. వసంతం రాగానే ఈ గడ్డికి నిప్పు పెడతారట. ఇక్కడి ఆదివాసులైన పొటవాటమి జనం వెనకటికి చేసిన పనే. గడ్డి మొలక నేల కింద భద్రంగా ఉంటుంది, పైకెగబాకే చెట్ల మొక్కలే కాలిపోతాయి.

"మరి పురుగులో, టీచర్?" దిక్సూచి పిల్లాడు అడిగాడు.

"అందుకే ఏటా సగమే కాలుస్తాం. మిగతా సగం వాటికి."

ఈసారి ఏ సగమన్న దాని మీద అప్పుడే వాదన మొదలైంది. గొంగళిపురుగు దొరికిన వైపు ముట్టుకోవద్దని మనవరాలు గట్టిగా పట్టుబడుతోంది.