ఓటుతోనే పోయిన పార్లమెంటు

1933 మార్చి 23, బెర్లిన్. పార్లమెంటు భవనం నెల కిందటే తగలబడింది. అందుకే ఈ రోజు సభ ఎదురుగా ఉన్న క్రోల్ ఒపెరా హౌస్‌లో. బయట గుంపు హిట్లర్ తెచ్చిన చట్టం పాస్ కావాల్సిందేనని అరుస్తోంది. సోషల్ డెమొక్రాట్ సభ్యులు ఆ అరుపుల్లోంచే లోపలికి నడవాలి. వాళ్లలో జూలియస్ లేబర్‌ను సభలో అడుగు పెట్టకముందే అరెస్టు చేశారు.

మీరూ లోపలికి రండి. వేదిక వెనక పెద్ద స్వస్తిక జెండా వేలాడుతోంది. గోడల వెంట నాజీ దళాల వాళ్లు బారులు తీరి నిలబడ్డారు. కమ్యూనిస్టులు గెలిచిన స్థానాలు 81. వాళ్లలో ఒక్కరూ ఇక్కడ లేరు. కొందరు జైల్లో, కొందరు అజ్ఞాతంలో ఉన్నారు.

గోధుమరంగు చొక్కాలో హిట్లర్ లేచి అడుగుతున్నాడు: నాలుగేళ్లపాటు పార్లమెంటుతో పని లేకుండా ప్రభుత్వమే చట్టాలు చేసే అధికారం ఇవ్వండి, అవసరమైతే రాజ్యాంగాన్ని పక్కన పెట్టి. ఈ బిల్లుకు పెట్టిన పేరు, ప్రజల, దేశపు కష్టాలు తీర్చే చట్టం!

దీనికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. నాజీలకూ వాళ్ల జాతీయవాద మిత్రులకూ కలిపినా అన్ని లేవు. అందుకే అందరి చూపూ కాథలిక్కుల సెంటర్ పార్టీ మీద. సభకు విరామం ఇచ్చారు. ఈ విరామాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. పక్క గదిలో ఆ పార్టీ సభ్యుడు బ్రూనింగ్ వద్దంటున్నాడు. పార్టీ నాయకుడు కాస్ ఒప్పుకుందామంటున్నాడు. తన హామీలన్నీ ఉత్తరంలో రాసిస్తానని హిట్లర్ మాట ఇచ్చాడట. ఆ ఉత్తరం రాలేదు. ఓటు మాత్రం వేశారు, వద్దన్న బ్రూనింగ్‌తో సహా.

సభ మళ్లీ మొదలైంది. చట్టాన్ని వ్యతిరేకిస్తూ సోషల్ డెమొక్రాట్ నేత ఓటో వెల్స్ ఒక్కడే లేచాడు. మా స్వేచ్ఛనూ ప్రాణాన్నీ తీసుకోగలరు, మా గౌరవాన్ని కాదు అని నాజీ దళాల బారుల మధ్య నిలబడి చెప్పాడు. నాజీలు వెక్కిరించారు. హిట్లర్ మళ్లీ వేదికెక్కి, మీ ఓట్లు నాకు అక్కర్లేదని కసిరాడు.

లెక్క తేలింది. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఆ 94 ఓట్లూ సోషల్ డెమొక్రాట్లవే.

జూన్‌లో వాళ్ల పార్టీని నిషేధించారు. జూలై 5న సెంటర్ పార్టీ తనను తానే రద్దు చేసుకుంది. జూలై 14న జర్మనీలో నాజీ పార్టీ తప్ప మరో పార్టీ ఉండకూడదని చట్టం వచ్చింది. దానికి పార్లమెంటులో ఓటింగు అవసరం రాలేదు.