హజ్జు బాటలో ఆరోగ్య రక్షణ – కొంత చరిత్ర

మన తాతల కాలంలో హజ్జుకు బయలుదేరేవారు ముందుగా అప్పులు తీర్చేవారు. ఇంటింటికీ వెళ్ళి తెలిసీ తెలియక చేసిన తప్పులకు మాఫీ అడిగేవారు. బియ్యం, పప్పు, పచ్చళ్ళ మూటలతో పాటు ఒక కఫన్ గుడ్డ కూడా పెట్టుకునేవారు. తిరిగి వస్తే అల్లా దయ అనుకునేవారు. ఇది వట్టి భక్తి అని ఇప్పటి పిల్లలు అనుకోవచ్చు గాని, ఆ రోజుల్లో ఆ దారిలో ఎంతమంది రాలిపోయారో తెలిస్తే అది ముందుచూపు కూడా అని ఒప్పుకుంటారు.

అప్పటి పెద్ద శత్రువు కలరా. తెలంగాణ పల్లెల్లో దీన్నే గత్తర అనేవారు. అది 1831లో మొదటిసారి మక్కాకు చేరింది. ఆ తరువాత చాలాసార్లు వచ్చింది. 1865లో చాలా ఘోరంగా వచ్చింది. ఆ ఏడు హజ్జుకు చేరిన సుమారు 90 వేల మందిలో 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. మిగిలినవారు సూయజ్ వెళ్ళి, అక్కడి నుంచి రైలెక్కి అలెగ్జాండ్రియా చేరారు. అక్కడి నుంచి ఓడల మీద రోగం యూరపు రేవుల్లోకి దిగింది. అప్పుడు గాని యూరపు ప్రభుత్వాలకు హజ్జు యాత్రికుడి ఆరోగ్యం గుర్తుకు రాలేదు! మరుసటి ఏడు, 1866లో, కాన్‌స్టాంటినోపిల్‌లో అంతర్జాతీయ మహాసభ జరిగింది. కలరాకు పుట్టినిల్లు హిందూదేశమనీ, అది నడిచే బాటల్లో హజ్జు ఒకటనీ అక్కడ తేల్చారు.

ఈ సంగతి మనం బాగా గుర్తు పెట్టుకోవాలి. ఆ తరువాత వచ్చిన నియమాల్లో చాలా భాగం యాత్రికుడి నుంచి లోకాన్ని కాపాడటానికి పుట్టినవే. యాత్రికుణ్ణి కాపాడటం అన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది.

కమరాన్ దీవి సంగతే చూడండి. ఎర్ర సముద్రంలో యెమెన్ తీరానికి దగ్గరగా ఉన్న ఈ చిన్న దీవిలో తుర్కీ ప్రభుత్వం 1882లో క్వారంటైన్ తెరిచింది. దక్షిణం నుంచి వచ్చే ఓడలు, అంటే మన బొంబాయి ఓడలు కూడా, ముందుగా అక్కడ ఆగాలి. యాత్రికులు దిగాలి, గుడారాల్లోనో గుడిసెల్లోనో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. బట్టలూ సామానూ ఆవిరి యంత్రాల్లో వేసేవారు. ఓడలో రోగం కనబడితే గడువు పెరిగేది. పైగా ఈ ఏర్పాటుకు రుసుము చెల్లించవలసింది యాత్రికుడే. ఎండ, ఉప్పునీటి గాలి, మండే ధరలు! ఆరోగ్యంగా ఓడ దిగిన ముసలివాళ్ళు కొందరు అక్కడే నీరసించిపోయేవారు. ఉత్తరం వైపు, సీనాయ్ తీరంలో ఎల్ టోర్ అనే చోట ఇలాంటిదే మరొక కేంద్రం ఉండేది. 1905లో అక్కడ చనిపోయిన యాత్రికుల శరీరాల్లో ఒక కొత్త రకం కలరా క్రిమిని కనుగొన్నారు. 1961లో ఇండోనేషియాలో మొదలై 1964 నాటికి మన దేశానికి వచ్చిన కలరా ఈ రకమే. డాక్టర్లు ఈనాటికీ వాడే ‘ఎల్ టోర్’ అన్న పేరు హజ్జు బాటలోని ఒక ఊరి పేరన్న మాట.

ఈ కథలో మనం మరవకూడని మనిషి డాక్టర్ అబ్దుర్ రజాక్. ఆయన హిందూదేశపు ప్రభుత్వ వైద్యుడు. 1878లో యాత్రికులతో పాటు వెళ్ళి వారి స్థితిగతులు చూసి రమ్మని ప్రభుత్వం ఆయనను పంపింది. 1882లో జెద్దాలోని బ్రిటిష్ కార్యాలయంలో వైస్ కాన్సల్‌గా నియమించింది. నిజం చెప్పాలంటే ప్రభుత్వానికి మరొక ఉద్దేశమూ ఉంది. మక్కాలో తమకు వ్యతిరేకంగా ఎవరేమి మాట్లాడుతున్నారో కూడా ఆయన ద్వారా తెలుసుకోవాలనుకుంది. అది అలా ఉంచి, రోగులైన యాత్రికులను చూడటం, కమరాన్‌లో పడే బాధలను పైవారికి రాయడం ఆయన మానలేదు. 1895లో మక్కాలోనూ జెద్దాలోనూ జనం ఆవిరి యంత్రాల మీద తిరగబడ్డారు. ఆ అలజడి రోజుల్లోనే జెద్దా ఊరి బయట కాన్సల్స్ మీద కాల్పులు జరిగాయి. డాక్టర్ రజాక్ అక్కడే ప్రాణం విడిచారు. ఏ యాత్రికుల కోసం రాస్తూ వచ్చారో వారిలో ఎందరికి ఆయన పేరు తెలుసునో!

రెండేళ్ళకే మరో దెబ్బ. బొంబాయిలో ప్లేగు చెలరేగడంతో 1897లో ఆ రేవు నుంచి హజ్జు ఓడలు ఆపివేశారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దనీ, ఉన్న ఊరి నుంచి బయటికి పారిపోవద్దనీ ప్రవక్త (స) చెప్పిన మాట అందరికీ తెలిసిందే. అయినా నిషేధం పెట్టింది పరాయి ప్రభుత్వం కనుక దాని మీద అనుమానం పోలేదు. 2020లో కరోనా వల్ల సౌదీ ప్రభుత్వమే బయటి దేశాల వారిని రానివ్వనప్పుడు మనవాళ్ళు ఏడ్చారు, కాని అనుమానించలేదు. రోగం ఒకటే అయినా, చెప్పేవారిని బట్టి వినడం ఉంటుంది.

టీకాల కాలం వచ్చాక మశూచికి, కలరాకు సూది వేయించుకున్నట్టు కాగితం లేనిదే ఓడ ఎక్కనిచ్చేవారు కాదు. సూది లేకుండా కాగితం సంపాదించిన ఘనులూ లేకపోలేదు. 1957 నాటికి క్వారంటైన్ అధికారం సౌదీ ప్రభుత్వం చేతికే వచ్చింది. కలరా సూది వ్యాప్తిని ఆపలేదని తేలి, 1973లో అంతర్జాతీయ నిబంధనల నుంచి దాన్ని తీసివేశారు. మశూచి 1980 నాటికి భూమి మీదే లేకుండా పోయింది.

1995తో బొంబాయి–జెద్దా ఓడ ప్రయాణం ముగిసింది. వారం పది రోజులు డెక్కు మీద కష్టమే. కాని ఆ రోజుల్లో వెళ్ళినవారికి ఒక మేలు జరిగేది. ఓడలో డాక్టరు ఉండేవాడు, రెండోసారి వెళ్ళేవారు కొత్తవారికి అన్నీ చెప్పేవారు, ఒంటికి కొంత అలవాటు పడేది. విమానంలో ఐదారు గంటలు. కన్ను మూసి తెరిచేలోగా జెద్దా. ఓడ నేర్పిన పాఠం ఇప్పుడు ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. హైదరాబాదు నిజాములు మక్కాలో కట్టించిన రుబాత్‌లలో మన సంస్థానం వారికి బస దొరికేది, పక్కన మన మాట తెలిసిన మనిషి ఉండేవాడు. ఆ అండ అందరికీ దొరకదు.

1987 హజ్జు నుంచి వచ్చినవారితో మెదడు పొర వాపు, అంటే మెనింజైటిస్, చాలా దేశాలకు వెళ్ళింది. అప్పటి నుంచి దానికి టీకా తప్పనిసరి అయింది. 2000, 2001లో డబ్ల్యూ 135 అనే మరొక రకం వచ్చేసరికి, 2002 నుంచి నాలుగు రకాలకూ పనిచేసే టీకా అడుగుతున్నారు. చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఈ క్రిమి ఏ రోగమూ లేని మనిషి గొంతులో కూర్చుని ఇంటికి వస్తుంది. కాబట్టి ఆ సూది మన ఇంటి పసిపిల్లల కోసం కూడా.

సూదికి లొంగని ఆపదలు వేరే ఉన్నాయి. 1990లో మీనా సొరంగంలో తొక్కిసలాటకు 1,426 మంది చనిపోయారు. 1997లో మీనా గుడారాల అగ్నిప్రమాదంలో 343 మంది పోయారు. ఆ తరువాతే మంటకు అంటుకోని గుడారాలు వచ్చాయి. 2024లో మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటింది. సౌదీ ప్రభుత్వ లెక్క ప్రకారం 1,301 మంది మరణించారు. వారిలో 83 శాతం అనుమతి లేకుండా వెళ్ళినవారు. చల్లని గుడారం, బస్సు లేక ఎండలో మైళ్ళు నడిచినవారు. చవకగా పంపిస్తామనే దళారీల మాట విని పెద్దవాళ్ళను అలా పంపవచ్చునా? స్తోమత ఉన్నవారికే హజ్జు విధి అన్నప్పుడు, స్తోమతలో ఒంటి బలమూ ఉందని ఉలమాలు చెబుతూనే వచ్చారు.

మనవాళ్ళు జీవితమంతా కూడబెట్టి అరవై దాటాక వెళతారు. సగం మందికి షుగరో, బీపీయో ఉండనే ఉంటుంది. సఫా మర్వాల మధ్య ఏడు తిరుగుళ్ళంటేనే సుమారు మూడు కిలోమీటర్లు. రెండు నెలల ముందు నుంచి ఫజర్ తరువాత రోజూ నడవాలి. షుగరు ఉన్నవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది, కాలిన నేల మీద వట్టి కాళ్ళతో నడిస్తే బొబ్బలెక్కినా తెలియదు. ఎహ్రాంలో మగవారు తల కప్పుకోరాదు గాని గొడుగు పట్టవచ్చు. నాంపల్లి హజ్ హౌస్‌లో గాని, మరెక్కడ గాని శిక్షణ తరగతి పెట్టినప్పుడు దుఆల పుస్తకంతో పాటు మందుల సంచీ కూడా తెమ్మనండి. మందు అసలు పేరు, మోతాదు డాక్టరు చేత చీటీ మీద రాయించి, రెండు నకళ్ళు తీయండి. పది రోజుల మందులు మెడలోని సంచీలోనే ఉండాలి. పెద్ద పెట్టె ఒక్కోసారి మనకంటే రెండు రోజులు ఆలస్యంగా మక్కా చేరుతుంది.