ఎడమ పక్క సిర: రెండు వేల ఏళ్ల ఆపరేషన్ కథ

1832 అక్టోబరు. దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరం. జాక్ మాత్యూ డెల్పెష్ అక్కడ పేరుమోసిన సర్జన్. ఎముకల వైద్యానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడిగా చరిత్రలో ఆయనకు చోటుంది. ఆ రోజు గుర్రపు బండిలో వెళ్తుండగా, ఒకప్పుడు ఆయన దగ్గరే వైద్యం చేయించుకున్న మనిషి కాపు కాసి తుపాకి పేల్చాడు. డెల్పెష్ చనిపోయాడు. బండి తోలేవాడూ చనిపోయాడు. ఆ హంతకుడికి డెల్పెష్ చేసింది వెరికోసిల్ ఆపరేషన్. కత్తి పడ్డాక తన మగతనం పోయిందని నమ్మి చంపాడని కొందరు రాశారు. కుదరబోయిన పెళ్లి డాక్టరు వల్లే చెడిందనుకున్నాడని మరికొందరు. ఏది నిజమైనా, ఒక సిర పేరుతో రెండు ప్రాణాలు పోయాయి.

ప్రాణం తీసే జబ్బు కాదది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. వృషణాల నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరలు ఉబ్బి, మెలికలు తిరిగి, పైకి పోవాల్సిన రక్తం కిందికి జారి నిలిచిపోవడమే వెరికోసిల్. చేతికి ఎలా తగులుతుందో చెప్పడానికి సర్జన్లు తరతరాలుగా వాడే పోలిక ఒకటుంది: సంచిలో వానపాములు. ప్రతి వందమంది మగవాళ్లలో దాదాపు 15 మందికి ఇది ఉంటుంది. పిల్లలు పుట్టడం లేదని పరీక్షకు వచ్చిన మగవాళ్లను మాత్రమే చూస్తే ఆ లెక్క 35, 40 దాకా పోతుంది. మన ఊళ్లలో అక్కడ వాపు ఏది కనిపించినా వరిబీజం అనేస్తారు. వరిబీజంలో చేరేది నీరు. ఇక్కడ నిలిచేది రక్తం. వైద్యం కూడా వేరు.

ఆ తేడా తేల్చే డాక్టరు దగ్గరికి చేరడమే కొన్ని ఊళ్లకు పెద్ద పని. పామేడునే తీసుకోండి. బస్తర్ దక్షిణపు కొసన, బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు. కాగితాల మీద ఛత్తీస్‌గఢ్ అయినా సంతకైనా, మందుబిళ్లకైనా ఏళ్ల తరబడి ఆ ఊరివాళ్లు దిగి వచ్చింది సరిహద్దు ఇవతలి చెర్లకే. పామేడు పోలీస్ స్టేషన్‌కు సరుకులు హెలికాప్టర్‌లో వెళ్లిన కాలంలోనూ జనం మాత్రం అడవిదారి పట్టుకొని ఇటే నడిచారు. చెర్లలో తేలకపోతే అరవై కిలోమీటర్ల అవతల భద్రాచలం ఏరియా ఆసుపత్రి. అక్కడా తేలకపోతే వరంగల్ ఎంజీఎం. సొంత రాష్ట్రపు మెడికల్ కాలేజీ జగదల్‌పూర్‌లో ఉంది, కానీ ఆ రోడ్డు నిన్నమొన్నటిది.

ఆ దారిలో పిల్లల కోసం వైద్యానికి వచ్చే జంటల్లో చీటీ ఎవరి పేరు మీద ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పామేడు ఒక్కటే అని కాదు, గుంటూరైనా, కరీంనగరైనా అంతే. ముందు భార్యకు స్కానింగ్, భార్యకు రక్తపరీక్షలు, భార్యకే మందులు, ముడుపులు, ఉపవాసాలు. భర్త బయట బెంచీ మీద. పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం మందిలో కారణం పూర్తిగానో, కొంతవరకో మగవాడి వైపు ఉంటుందని వైద్యశాస్త్రం ఏనాడో లెక్క తేల్చింది. అయినా ఆ బెంచీ మీది మనిషిని లేపి లోపలికి పిలవడం చివరి మెట్టుగానే మిగిలింది.

ఆశ్చర్యం ఏమిటంటే, ఈ సిరకూ వృషణానికీ ఉన్న లంకె మొదటి శతాబ్దంలోనే ఒకాయన రాసి పెట్టాడు. రోమన్ రచయిత సెల్సస్ తన వైద్య గ్రంథంలో సిరలు ఉబ్బి మెలితిరిగితే ఆ వైపు వృషణం రెండోదానికన్నా చిన్నదవుతుందని గుర్తించాడు. పైన కనిపించే సిరలను కాల్చడం, లోపలివాటిని దారంతో కట్టడం కూడా వివరించాడు. మత్తు లేని రోజుల్లో అది ఎలా భరించారో తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. పదహారో శతాబ్దపు ఫ్రెంచ్ సర్జన్ ఆంబ్రోయిజ్ పారె దగ్గరికి వచ్చేసరికి కారణం నల్లపిత్తం నిండిన రక్తం. అంటే ముందుకు పోవలసింది పక్కకు పోయింది.

ఎక్కువమందికి ఎడమ పక్కే ఎందుకు? సమాధానం శరీర నిర్మాణంలో ఉంది. కుడి వృషణపు సిర ఏటవాలుగా వెళ్లి నేరుగా పెద్ద సిరలో కలుస్తుంది. ఎడమది అలా కాదు. ఇంకొంచెం పైకి ఎక్కి, ఎడమ మూత్రపిండపు సిరలో దాదాపు లంబకోణంలో కలవాలి. దారి పొడుగు, మలుపు మొండి. లోపలి కవాటాలు సరిగా మూసుకోకపోతే నిలబడ్డ మనిషిలో ఆ నిలువెత్తు రక్తపు బరువంతా కిందికి దిగుతుంది. వీర్యకణాలు తయారు కావాలంటే వృషణాలు ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. వెచ్చని రక్తం చుట్టూ నిలిచిపోతే ఆ చల్లదనం పోతుంది. ఒక పక్క సిర ఉబ్బినా రెండు పక్కలా ఉత్పత్తి తగ్గడానికి ఇదే ప్రధాన కారణమని ఎక్కువమంది నమ్మకం. వేడి ఒక్కటేనా, ఇంకేమైనా ఉన్నాయా అన్న చర్చ మాత్రం తెగలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ఆపరేషన్ జోరందుకున్నది పిల్లల కోసం కాదు. నొప్పి కోసం, బరువుగా లాగుతోందన్న బాధ కోసం, సైన్యంలో చేరడం కోసం. వెరికోసిల్ ఉన్న కుర్రాణ్ని సైనిక వైద్యులు పక్కన పెట్టేవాళ్లు, కాబట్టి చేరాలనుకున్నవాడు సర్జన్‌ను వెతుక్కునేవాడు. 1885లో లండన్ సర్జన్ రిచర్డ్ బార్వెల్ వంద కేసుల అనుభవం ప్రచురించాడు. చర్మం కింద తీగను ఉచ్చులా వేసి సిరలను బిగించేయడం ఆయన పద్ధతి. 1889లో విలియం బెనెట్ అనే సర్జన్ ఇంకో అడుగు వేసి, ఆపరేషన్ తర్వాత వీర్యం మెరుగుపడిన కేసును రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే హైదరాబాద్ పేరు లండన్ వైద్య పత్రికల్లో మార్మోగుతోంది. మత్తుమందు క్లోరోఫామ్ ప్రాణం తీసేది గుండెను ఆపా, ఊపిరిని ఆపా అన్న వివాదం తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది నడిపించాడు. నిజాం డబ్బిచ్చాడు. లాన్సెట్ పత్రిక తన తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ని ఇక్కడికి పంపింది. ముందు ఆగేది ఊపిరే అని లారీ పట్టుబట్టాడు. గుండె కూడా ఆగుతుందని తర్వాతి తరం తేల్చింది. లారీ తప్పాడు, కానీ మత్తు ఇచ్చేవాడు రోగి ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న ఆయన పట్టుదల మాత్రం మంచిదే. బెనెట్ లాంటివాళ్ల కత్తికి ధైర్యం వచ్చింది ఆ మత్తు వల్ల, సర్జన్ లిస్టర్ నేర్పిన శుభ్రత వల్ల.

తండ్రి కావడం అన్న కోణం మెల్లగా వచ్చింది. 1929లో బోస్టన్‌కు చెందిన మకోంబర్, శాండర్స్ వీర్యకణాల లెక్కింపు మీద రాసిన వ్యాసంలో వెరికోసిల్ ఆపరేషన్ తర్వాత సంతానం కలిగిన మనిషి ప్రస్తావన ఉంది. అసలు మలుపు 1952. ఎడిన్‌బరోలో సెల్బీ టల్లక్ అనే సర్జన్ దగ్గరికి వీర్యంలో ఒక్క కణమూ లేని మనిషి వచ్చాడు. రెండు పక్కలా వెరికోసిల్. ఆపరేషన్ చేశాడు. కణాలు కనిపించాయి. భార్య గర్భవతి అయింది. వైద్యలోకం ఉలిక్కిపడి చూసింది. ఒక్క మనిషి కథ రుజువు కాదు, నిజమే. కానీ దశాబ్దాలుగా మూసి ఉన్న తలుపు తెరిపించడానికి ఆ ఒక్కటి చాలింది.

కోత ఎక్కడ పెట్టాలన్నది ఇంకో కథ. అర్జెంటీనాలో ఆస్కర్ ఇవానిసెవిచ్ వృషణాల తిత్తి జోలికి పోకుండా గజ్జ దగ్గర పైన కోసి సిరను కట్టేయడం 1918 నుంచీ ప్రచారం చేశాడు. ఈయన మామూలు సర్జన్ కాదు, ఆ దేశానికి విద్యామంత్రిగా కూడా పనిచేశాడు. 1960లో ఆయన ప్రచురించిన లెక్క: 42 ఏళ్లు, 4,470 ఆపరేషన్లు. గ్వాటెమాలా సర్జన్ అలెహాండ్రో పలోమో 1949లో ఇంకా పైకి వెళ్లి, సిరతో పాటు ధమనిని కూడా కలిపి కట్టేశాడు. ధమని కడితే వృషణం ఎండిపోదా అని అందరూ భయపడ్డారు. ఎండలేదు, వేరే దారుల్లో రక్తం అందుతోంది. అయితే సన్నని లింఫ్ నాళాలు కూడా ఆ ముడిలో పడిపోతే తర్వాత నీరు చేరేది. సిర పోయి వరిబీజం వచ్చిందన్నమాట. 1985లో అమెరికాలో జోయెల్ మర్మర్, 1992లో మార్క్ గోల్డ్‌స్టీన్ చూపిన మైక్రోస్కోప్ పద్ధతులు ఈ చిక్కును చాలావరకు తీర్చాయి. గజ్జ కింద చిన్న కోత, సూక్ష్మదర్శిని కింద ధమనినీ లింఫ్ నాళాలనూ వదిలేసి సిరలను మాత్రమే కట్టడం. మళ్లీ ఉబ్బడం, నీరు చేరడం అన్ని పద్ధతులకన్నా దీంట్లోనే తక్కువ.

ఇంత జరిగాక 2003లో లాన్సెట్‌లో ఎవర్స్, కాలిన్స్ రాసిన సమీక్ష ఒక బాంబు. ఏడు అధ్యయనాలను కలిపి చూసి, ఆపరేషన్ వల్ల గర్భాలు పెరుగుతున్నాయనడానికి ఆధారం లేదన్నారు. సర్జన్లు భగ్గుమన్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది: ఆ అధ్యయనాల్లో చేతికి అందని, స్కానింగ్‌లో మాత్రమే కనిపించే సిరల వాళ్లూ ఉన్నారు, వీర్యం బాగానే ఉన్న వాళ్లూ ఉన్నారు. జబ్బు లేనివాడికి మందేసి గుణం కనిపించలేదంటే ఏం చెప్పాలి? 2011లో తాహా అబ్దెల్-మెగీద్ బృందం చేతికి తెలిసే వెరికోసిల్, లోపం ఉన్న వీర్యం రెండూ ఉన్నవాళ్లనే తీసుకొని చీటీలు తీసి రెండు జట్లుగా విడదీసింది. ఆపరేషన్ అయినవాళ్ల భార్యల్లో 32.9 శాతం మందికి, కానివాళ్లలో 13.9 శాతం మందికి గర్భం నిలిచింది. పెద్ద తేడాయే. కానీ ఆపరేషన్ అయినవాళ్లలోనూ మూడింట రెండు వంతులకు అధ్యయనం సాగిన గడువులో గర్భం నిలవలేదన్నది కూడా అదే లెక్కలో ఉంది. ప్రకటనల బోర్డులు ఈ రెండో సగాన్ని రాయవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లో 9,034 మంది మగవాళ్ల వివరాలు బయటపెట్టింది. వీర్యంలో లోపం ఉన్నవాళ్లలో 25.4 శాతానికి వెరికోసిల్, లోపం లేనివాళ్లలో 11.7 శాతానికి. అంటే సిర ఉబ్బినా వీర్యం బాగానే ఉన్నవాళ్లు బోలెడంతమంది. అందుకే ఈనాటి వైద్యుల నియమం సూటిగా ఉంది: సిర చేతికి తెలియాలి, వీర్యం లెక్క తక్కువగా ఉండాలి, జంటకు పిల్లలు పుట్టకపోవాలి, భార్య వైపు లోపం లేకపోవాలి లేదా సరిచేయగలిగేది అయి ఉండాలి. అప్పుడే కత్తి. స్కానింగ్ కాగితం మీద మాత్రమే కనిపించే సిరకు ఆపరేషన్ వద్దు. సరైన మనిషిని ఎంచుకుంటే ముగ్గురిలో ఇద్దరికి కణాల సంఖ్య, కదలిక మెరుగవుతాయి.

1992 ఇంకో విధంగానూ గుర్తుంచుకోవలసిన ఏడాది. ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే ఇక్సీ పద్ధతితో గర్భాలు నిలిచాయని ఆ ఏడే బ్రసెల్స్ నుంచి కబురు వచ్చింది. ఒక్కటి చాలు అన్నాక, లక్షల కణాల కోసం సిర ఎవరు కడతారు? హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో వెలసిన సంతాన కేంద్రాల దారి అటే మళ్లింది. లక్షలు పెట్టగలిగిన జంటకు అదొక దారి. తునికాకు, విప్పపువ్వు మీద బతికే ఇంటికి అది దారి కాదు. అక్కడ చిన్న కోత, ఒకటి రెండు రోజుల ఆసుపత్రి, ఆపైన సహజంగా నిలిచే గర్భం ఎంతో మేలు.

బస్తర్‌లో ఇంకో అడ్డంకి ఉంది. 1976-77లో దేశమంతటా 60 లక్షలకు పైగా వేసెక్టమీలు, అంటే మగవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, జరిగాయి, చాలావరకు బలవంతాన. ఆ భయం ఊళ్లను వదల్లేదు. ఆ వెంటనే, 1979లో, అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగాలు, అబూజ్‌మఢియాలు వంటి ఆదిమ తెగలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఒకప్పుడు కోస్తామన్నది, తర్వాత కొందరికి అడిగినా కోయబోమన్నది, రెండూ ప్రభుత్వమే. పిల్లలు కావాలని వచ్చిన గిరిజన మగవాడికి ఏం చేస్తామన్నది మాత్రం ఎక్కడా వినిపించలేదు. అందుకే గజ్జ దగ్గర ఆపరేషన్ అనగానే కుటుంబ నియంత్రణే అనుకొని జారుకునేవాడిని తప్పుపట్టలేం. అది వీర్యం నాళాన్ని కోసేది, ఇది సిరను కట్టేది అని అతని భాషలో, గోండీలోనో, కోయలోనో, తెలుగులోనో, కూర్చోబెట్టి చెప్పవలసిన పని వైద్యుడిది.

చిత్రం చూడండి. అదే అడవి కుర్రాళ్లు పోలీసు, కేంద్ర బలగాల ఉద్యోగాలకు వెళ్తే వైద్య పరీక్షలో వెరికోసిల్ కచ్చితంగా వెతుకుతారు. సివిల్ సర్వీసుల శారీరక ప్రమాణాల్లో కూడా తీవ్రమైన వెరికోసిల్ ఉండకూడదని రాసి ఉంటుంది. ఉద్యోగం పోతుందనగానే కుర్రాళ్లు పరుగున వెళ్లి ఆపరేషన్ చేయించుకొని వస్తారు. తుపాకి పట్టడానికి అడ్డమైనప్పుడు కంటపడిన సిర, ఇంట్లో ఊయల ఖాళీగా ఉన్నప్పుడు కంటపడదు.

కాబట్టి పామేడు నుంచి వచ్చినా, పాలకొల్లు నుంచి వచ్చినా, పెళ్లయి ఏడాది దాటినా పిల్లల్లేరని ఆసుపత్రి మెట్లెక్కే జంట మొదటి రోజే అడగవలసినవి రెండు. ఒకటి, భర్త వీర్య పరీక్ష: రెండు నుంచి ఏడు రోజులు విరామం ఇచ్చి చేయించాలి, తక్కువ వస్తే మళ్లీ ఒకసారి చేయించాలి. రెండు, భర్తను నిలబెట్టి చేత్తో సర్జన్ చేసే పరీక్ష. ఆపరేషన్ అవసరమైతే, కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది గనుక మూడు నెలలు ఆగి మళ్లీ లెక్క చూపించుకోండి. ఆ మూడు నెలలూ భార్యను ఇంకో కొత్త మందుకు తిప్పకండి.