పాస్‌వర్డు సరైనదే, తలుపులే మారాయి

ఈమెయిలు కంపెనీ మార్చిన మర్నాడు మా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చే ఫోన్లన్నీ ఒకేలా ఉంటాయి. "బ్రౌజర్లో తెరుచుకుంటోంది, ఔట్‌లుక్‌లో మాత్రం మళ్ళీ మళ్ళీ పాస్‌వర్డు అడుగుతోందిరా!" పాస్‌వర్డు తప్పు కాదు బాబాయ్ అంటే నమ్మరు. ఎలా నమ్ముతారు? ఆ చిన్న పెట్టె వెనక నలభై ఏళ్ళ చరిత్ర ఇరుక్కుని ఉందని ఎవరూ చెప్పరు కదా.

మొదట్లో పంపే తలుపుకి తాళమే లేదు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన యస్.యమ్.టి.పి.లో "నువ్వెవరు, పాస్‌వర్డేది" అని అడిగే పద్ధతి లేదు. ఆర్పానెట్టు అప్పటికి చిన్న ఊరు, అందరూ తెలిసినవాళ్ళే. ఉత్తరాలు తెచ్చుకోడానికి మాత్రం పేరూ, పాస్‌వర్డూ కావాలి. అది పాప్ పని. మొదటిది 1984లో, ఇప్పటికీ వాడుకలో ఉన్న మూడోది 1988లో వచ్చాయి.

తొంభైల్లో స్పామ్‌గాళ్ళు ఊరిమీద పడ్డాక పంపే తలుపుకీ తాళం వెయ్యాల్సి వచ్చింది. కొన్నాళ్ళు ఓ తమాషా ఉపాయం నడిచింది: ముందు ఉత్తరాలు తెచ్చుకుంటే, ఆ తర్వాత కాసేపు పంపనిచ్చేవారు. 1999లో గానీ పంపడానికి పాస్‌వర్డు అడిగే ప్రమాణం రాలేదు. అంటే మీ డెస్కుటాపు ప్రోగ్రాముకి తాళాలు రెండు. "వస్తున్నాయి గానీ వెళ్ళట్లేదు" అన్నారంటే, సగం సార్లు రెండో తాళం ఇంకా పాత కంపెనీ పేరు మీదే ఉంటుంది.

ఇక పోర్టు నంబర్ల సంగతి సంతే. పాత 25ని చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ళకి మూసేశాయి. 1998లో 587 వచ్చింది. 465ని 1997లో ఇచ్చి, 1998లో వెనక్కి తీసుకుని, అందరూ వాడుతూనే ఉన్నారని 2018లో మళ్ళీ ఇచ్చారు! యూజర్ పేరూ అంతే. ఒకప్పుడు ముందు సగం రాస్తే చాలు. ఒకే సర్వరులో వందల డొమైన్లు కాపురం పెట్టాక మొత్తం చిరునామా రాయాల్సి వచ్చింది.

ఇప్పటి తలనొప్పి వేరు. 2022 మేలో గూగుల్, అదే ఏడు అక్టోబరు నుంచి మైక్రోసాఫ్టు ఆఫీసు ఖాతాలకీ, 2024 సెప్టెంబరులో ఔట్‌లుక్ డాట్ కామ్‌కీ ఉత్తి పాస్‌వర్డు చెల్లదన్నారు. ఓఆథ్ తెలియని పాత ప్రోగ్రాములో సరైన పాస్‌వర్డు కొట్టినా తప్పనే అంటుంది. గూగుల్‌లో అయితే రెండంచెల తనిఖీ పెట్టుకుని యాప్ పాస్‌వర్డు తీసుకోవచ్చు. లేదంటే కొత్త ప్రోగ్రామే గతి.

ఇదంతా ఎలాగోలా సర్దుకుంటుంది. నాకు భయం వేసేది "అకౌంటు తీసేసి మళ్ళీ కలపండి" అన్న సలహా విన్నప్పుడు. 1986లో స్టాన్‌ఫర్డులో మార్క్ క్రిస్పిన్ మొదలెట్టిన ఐమ్యాప్‌లో ఉత్తరాలు సర్వరులోనే ఉంటాయి. పాప్ అలా కాదు, మామూలుగా కిందకి దింపి పైన చెరిపేస్తుంది. పంపినవైతే అసలు పైన ఉండనే ఉండవు.

మా అత్తయ్య కంప్యూటరులో, పోయిన మావయ్య పిల్లలకి ఆర్.టి.యస్.లో రాసిన ఉత్తరాలున్నాయి. ఆ "పంపినవి" ఫోల్డరులో తప్ప ఇంకెక్కడా లేవు. కొత్త కంపెనీ సహాయకుడు ఫోనులో తీసెయ్యమన్నాట్ట. "మా అబ్బాయి చూసేదాకా ఏదీ తియ్యను" అని ఫోను పెట్టేసింది. ముందు ఆ ప్రొఫైలు ఫోల్డరంతా వేరే డిస్కుకి ఎక్కించాం. పాత అకౌంటు పక్కనే కొత్తది కలిపి, అందులో ఒక ఐమ్యాప్ ఫోల్డరు చేసి ఉత్తరాలన్నీ దాన్లోకి కాపీ చేశాం. అవి పైకెక్కడానికి రెండు రాత్రులు పట్టింది.

పాతదాంట్లో కొత్త ఉత్తరాలు వాటంతటవే చూసే టిక్కు తీసేశాక పాస్‌వర్డు పెట్టె రావడం మానేసింది. ఆ అకౌంటు మాత్రం తియ్యనివ్వలేదు అత్తయ్య.