విద్యార్థి ఋణము: దాని పూర్వాపరములు

వారములు చేసికొని చదివినవారి కథలు మన పెద్దలవలన విననివారుండరు. సోమవార మొక యింట, మంగళవారము వేఱొక యింట భుజించి పట్టభద్రులైనవారు పెక్కురు. ఆనాఁడు చదువునకు ఆటంకము కూడును నీడయు. కావుననే కులసంఘములు తొలుత వసతిగృహములను నెలకొల్పినవి. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారు హైదరాబాదున స్థాపించిన రెడ్డి హాస్టలు ఇందులకు ప్రసిద్ధ నిదర్శనము.

పిమ్మట భారము భోజనమునుండి ఫీజునకు మాఱినది. కాపిటేషను ఫీజును 1983లో ఆంధ్రప్రదేశ శాసనసభ నిషేధించెను. నిషేధించినంత మాత్రమున ఆశ చావలేదు. 1992లో ప్రైవేటు వైద్యకళాశాలల యనుమతులను హైకోర్టు కొట్టివేయఁగా, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు పదవి విడిచిరి. మఱుసటియేఁడు ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు సీట్లను సగము ఉచితములుగను, సగము పేమెంటు సీట్లుగను విభజించెను. కలవాని ఫీజుతో లేనివాఁడు చదువుకొనునని తలంపు. (ఉచితపు సీటు పొందినవాఁడు లేనివాఁడే యని చెప్పుటకు వీలులేకపోయెను, అది వేఱు మాట.) 2002లో టి.ఎం.ఏ. పై వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తులు ఆ యేర్పాటును త్రోసిపుచ్చిరి. ఒకని వ్యయమును వేఱొకనిపై మోపరాదను వాదము త్రోసివేయఁదగినది కాదు. కాని ఆ వ్యయ మెవరిపైఁ బడవలెను?

బ్యాంకుల సంఘమువారు 2001లోనే నమూనా విద్యాఋణ పథకమును సిద్ధపఱచియుండిరి. ఆ పథకమున 4 లక్షలవఱకు తాకట్టు లేకుండెను. మించినచో పూచీయో, ఆస్తి హామీయో కావలసియుండెను. విద్యార్థితోపాటు తండ్రియు ఋణస్థుఁడగును. ఆ చేవ్రాలు పెట్టునపుడు పొలము కాగితములు సైతము బల్లపైకి వచ్చిన యిండ్లను మనమెఱుఁగుదుము. 2008లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఫీజులను తానే చెల్లించు పద్ధతిని విస్తరించి వేలకొలఁది కుటుంబములను ఆదుకొన్నమాట నిజము. యాజమాన్యపు కోటాలో చేరినవారికి మాత్రము అది దక్కలేదు.

వడ్డీ సంగతి దాతలు ప్రత్యేకముగా గమనింప వేఁడెదము. చదువుచున్నంతకాలము కంతులుండవు గాని, వడ్డీ నిలువదు. 4 లక్షలు ఒక్కమాఱే తీసికొని, నూటికి పది చొప్పున లెక్కించినచో, నాలుగేండ్ల బారువడ్డీయే 1,60,000 రూపాయలు. వార్షికాదాయము నాలుగున్నర లక్షలు మించని కుటుంబముల పిల్లలు స్వదేశమున వృత్తివిద్య నభ్యసించునెడల, ఈ వడ్డీని కేంద్రప్రభుత్వము 2009–10 నుండి భరింపసాగెను. ఆ హద్దునకు కొంచెము పైనున్న చిన్న వర్తకుఁడు, చిరుద్యోగి దాని వెలుపలనే నిలిచిరి. ఫీజు యావత్తు భరింపఁజాలని మన విద్యార్థినిధి వంటివి ఇట్టివారి చదువుకాలపు వడ్డీని నెలనెలా చెల్లింపవచ్చును. అసలు పెరుగక నిలుచును.