లోధీ మైదానము

ఢిల్లీ చరిత్రను రాజవంశాల వరుసతో చెప్పడం మనకు అలవాటు. కాని ఆ నగరపు నేల ఎవరెవరి చేతులు మారి, ఏయే పనులకు ఉపయోగపడినదో విచారించినచో అంతకంటె వింతైన చరిత్ర బయటపడుతుంది. గాజియాబాదు నుండి యమున దాటి వచ్చే బాటసారికి, హుమాయూను సమాధికి అనతిదూరంలో, జాకిర్ హుసేన్ మార్గం ప్రక్కన ఒక చిట్టడవి కనబడుతుంది. రాజధాని నడిబొడ్డున సుమారు 220 ఎకరాలు పరచుకొన్న ఆ పచ్చదనమే ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు.

గోల్ఫ్ ఆట మన దేశానికి క్రొత్తది కాదు. బ్రిటిషు దీవుల వెలుపల దానికోసం ఏర్పడిన మొదటి క్లబ్బు 1829లో కలకత్తాలోనే వెలసినది. ఢిల్లీ మాత్రం 1911లో రాజధానిగా ప్రకటింపబడి, 1931లో నూతన నగరంగా ప్రారంభమైన తరువాతనే ఈ ముచ్చట తీర్చుకొన్నది. 1930 దశకం తొలినాళ్ళలో పురపాలక మైదానంగా మొదలైన దీనికి లోధీ పేరు పెట్టినారు. చిత్రమేమనగా, ఈ ఆవరణలో పేరుకెక్కిన కట్టడం లోధీ సుల్తానులది కాదు. ఎర్రరాతి సమాధులతో కూడిన లాల్ బంగ్లా మొగలు సామ్రాజ్యపు అవసానదశకు చెందినది. మీర్ తఖీ సమాధి అనే కట్టడం కూడ ఇక్కడ ఉన్నది. ఉర్దూ సాహిత్యాభిమానులు ఆ పేరు విని పొరబడరాదు. మహాకవి మీర్ 1810లో మరణించినది లక్నోలో.

స్వాతంత్ర్యానంతరం సభ్యుల సంఖ్య క్షీణించి, ఇంత విలువగల స్థలం కొద్దిమంది ఆటకు మిగులునా అన్న సందేహం కలిగినది. ఐ.సి.ఎస్. అధికారి ధర్మవీర దానిని నిలబెట్టడానికి పూనుకొన్నాడు. 1950 ఫిబ్రవరిలో క్లబ్బు చట్టబద్ధమైన సంస్థగా రూపొందినది. నేల మాత్రం నేటికీ ప్రభుత్వానిదే. క్లబ్బు కౌలుదారు.

ఇక మైదానపు నిర్మాణం. ఇతరత్రా యంత్రాలతో మట్టిని తరలించి కృత్రిమంగా గుట్టలు, చెరువులు కల్పించే ఆచారం ఉన్నది. ఇక్కడ నేల ఎత్తుపల్లాలు స్వల్పం. శిథిలాలను కదలించ వీలులేదు. అందుచేత కీకరు మొదలైన ముండ్లచెట్లు, దట్టమైన పొదలే ఆటగానికి ప్రతిబంధకాలైనాయి. బంతి దారి తప్పి పొదలో పడినదా, దానిని వెదకడం కంటె ఆశ వదలుకొనడమే మేలు. బలం కంటె గురి ముఖ్యమైన మైదానం ఇది.

1976-77లో ఆస్ట్రేలియా దేశీయుడు పీటర్ థామ్సన్ దీనిని పునర్నిర్మించి, 18 గుంటల లోధీ మైదానం, 9 గుంటల నెమలి మైదానం అని రెండుగా తీర్చినాడు. ఆయన ఐదుమార్లు బ్రిటిష్ ఓపెన్ విజేత. 1964లో ఇక్కడనే జరిగిన మొదటి ఇండియన్ ఓపెన్‌ను గెలిచినవాడు కూడ ఆయనే. తాను ఆడి ఎరిగిన నేల కనుకనే కాబోలు, ఆ ఇరుకుదారుల స్వభావం ఆయన చేతిలో చెడలేదు. 2019లో దక్షిణాఫ్రికా క్రీడాకారుడు గ్యారీ ప్లేయర్ రూపకల్పనతో మరొకమారు మార్పులు జరిగినాయి. అయినను 2025 అక్టోబరులో ఇక్కడ జరిగిన అంతర్జాతీయ పోటీలో, దూరంగా కొట్టడంలో దిట్టయైన రోరీ మెక్‌ఇల్‌రాయ్ తన పొడవైన డ్రైవరు కర్రను బయటికి తీయనని ముందుగానే చెప్పినాడు! ఆ పోటీలో ఇంగ్లండుకు చెందిన టామీ ఫ్లీట్‌వుడ్ విజయం పొందినాడు.

పురావస్తు రక్షణ చట్టానికి 2010లో జరిగిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టు 100 మీటర్ల మేర క్రొత్త నిర్మాణాలు నిషిద్ధం. లాల్ బంగ్లాకు ఆ రక్షణ ఉన్నది. సమాధులు మైదానానికి అందం తెచ్చినాయి. మైదానం సమాధులను మేడల నడుమ మునిగిపోకుండ కాపాడినది. ఇది సమానమైన మార్పిడి అని మాత్రం నేననలేను. ప్రజల నేలమీద, ప్రజల వారసత్వం నడుమ, సభ్యుల గోడ ఒకటి నిలిచియే ఉన్నది.

ఆ గోడకు లోపల బంతుల సంచి మోసే కేడీలు ఉన్నారు. వారిలో అలీ షేర్ ఒకడు. ధనికుల కర్రలను మోస్తూనే ఆట నేర్చినాడు. 1965లో ఔత్సాహికుడైన పి. జి. సేఠీ ఇండియన్ ఓపెన్ గెలిచిన తరువాత భారతీయుడెవ్వడూ దానిని అందుకొనలేదు. 1991లో ఇదే మైదానంలో అలీ షేర్ అందుకొన్నాడు. 1993లో మరల గెలిచినాడు.